ఇంట్లో రెండు ఇంటిపేర్లు, తలుపు మీద ఒకే పేరు: ఉత్తరాలు, నోటీసులపై తరచూ అడిగే ప్రశ్నలు

భార్య ఇంటిపేరు ఒకటి, భర్త ఇంటిపేరు మరొకటి ఉన్న తెలుగు దంపతులు నేడు అరుదు కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే డిగ్రీలోకి, ఉద్యోగంలోకి, పాన్ కార్డులోకి వెళ్లింది. పెళ్లయిందని దాన్ని కదిలించడం చాలామందికి అనవసరపు శ్రమ. చిక్కల్లా కవరు దగ్గరే వస్తుంది. శుభలేఖ మీద పేరు తప్పు పడితే మనసు నొచ్చుకుంటుంది, అంతే. బ్యాంకు నోటీసు మీద తప్పు పడితే గడువు పోవచ్చు, ఒక్కోసారి ఇల్లే పోవచ్చు. ఈ రెండు రకాల ఉత్తరాలకు ఒకే జవాబు పనికిరాదు.

కింది సమాధానాల్లో నాలుగు మాటలను, ఒక్కోదాన్ని అన్నిచోట్లా ఒకే అర్థంలో వాడుతున్నాను. చిరునామాదారు అంటే కవరుపై ఎవరి పేరు రాసి ఉందో ఆ వ్యక్తి. రికార్డు పేరు అంటే ఆ వ్యవహారానికి ఆధారమైన పత్రంలో (రుణ ఒప్పందం, చెక్కు, పాసుపుస్తకం, పాన్ వంటివి) ఉన్న పేరు. ఉమ్మడి కవరు అంటే భార్యాభర్తలిద్దరి పేర్లూ రాసిన ఒకే కవరు. నోటీసు అంటే అందిన తేదీ నుంచి చట్టప్రకారం ఏదైనా గడువు మొదలయ్యే లేఖ. ఈ సమాధానాలు సాధారణ సమాచారం మాత్రమే. మీ చేతిలో ఇప్పటికే నోటీసు ఉంటే అసలు కాగితాలతో న్యాయవాదిని కలవండి.

1. పెళ్లయ్యాక భార్య తన ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఉందా?

లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో గానీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో గానీ అలాంటి నిబంధన లేదు. గోత్రంతో పాటు ఇంటిపేరూ మారుతుందన్నది ఆచారం. ఆచారాన్ని పాటించవచ్చు, మానుకోవచ్చు. అయితే కొన్ని పత్రాల్లో పుట్టింటి ఇంటిపేరు, మరికొన్నింటిలో అత్తింటి ఇంటిపేరు ఉంచుకోవడం మాత్రం కోరి తెచ్చుకునే ఇబ్బంది. ఏదో ఒకటి ఎంచుకుని అన్నిటా దానికే కట్టుబడటం మేలు.

2. శుభలేఖ, ఆహ్వానపత్రం కవరుపై ఇద్దరి పేర్లూ ఎలా రాయాలి?

దీనికి చట్టం లేదు, మర్యాదే ఉంది. మద్దాల సుజాత, కోనేరు రఘురామ్ దంపతులనుకుందాం (ఈ పేర్లు ఉదాహరణకు మాత్రమే). ‘శ్రీమతి మద్దాల సుజాత గారు, శ్రీ కోనేరు రఘురామ్ గారు’ అని ఉమ్మడి కవరుపై పూర్తిగా రాయడం అన్నిటికన్నా నిక్కచ్చి. ఎవరి పేరు ముందుండాలన్న నియమం లేదు. మీకు ఎవరు ఎక్కువ పరిచయమో వారి పేరు ముందు రాస్తే ఎవరూ తప్పుపట్టరు.

‘శ్రీ కోనేరు రఘురామ్ దంపతులకు’ అని రాసే అలవాటు మనకు పాతది. పెద్దవాళ్లు పంపితే దానిలో అగౌరవం వెతకనక్కరలేదు. కానీ మీరే పంపుతున్నప్పుడు, ఆమె తన పేరుతో ఉద్యోగం చేస్తోందని, తన పేరుతోనే పిలిపించుకుంటుందని తెలిసి కూడా అలా రాయడం నా దృష్టిలో పొరపాటే. ‘శ్రీమతి కోనేరు సుజాత’ అని లేని పేరు కల్పించి రాయడం ఇంకా పెద్ద పొరపాటు. పేరు కచ్చితంగా తెలియకపోతే ‘కోనేరు రఘురామ్ గారికి, వారి కుటుంబ సభ్యులకు’ అంటే సరిపోతుంది. లోపలి పత్రంలో సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని ఎలాగూ అడుగుతాం.

3. పుట్టింటి ఇంటిపేరుకు ముందు ‘శ్రీమతి’ అని రాయవచ్చా?

రాయవచ్చు. ‘శ్రీమతి’ గౌరవవాచకం. అది భర్త ఇంటిపేరుకు కట్టుబడి లేదు. ఆమె డాక్టరో, ప్రొఫెసరో అయితే ఆ హోదా రాయండి, అప్పుడు ‘శ్రీమతి’ అవసరం లేదు.

4. నా పేరున వచ్చిన ఉత్తరాన్ని వేరే ఇంటిపేరున్న నా భర్త లేదా భార్య తీసుకోవచ్చా?

ఏ సేవ కింద పంపారన్న దానిపై ఆధారపడుతుంది. మామూలు ఉత్తరం చిరునామాకు చేరితే చాలు, సంతకం ఉండదు. స్పీడ్ పోస్టు చిరునామాను బట్టి బట్వాడా అవుతుంది. ఆ ఇంట్లో ఉన్నవారు సంతకం చేసి తీసుకోవచ్చు. రిజిస్టర్డ్ పోస్టు మాత్రం మొదటి నుంచీ వ్యక్తిని బట్టి నడిచినది.

2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపింది. 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టుకు ‘రిజిస్ట్రేషన్’ అనే అదనపు సేవ ఉంది. రుసుము ₹5, దానిపై జీఎస్టీ అదనం. ఆ సేవ తీసుకుంటే కవరును చిరునామాదారుకు గానీ, చిరునామాదారు అధికారమిచ్చిన వ్యక్తికి గానీ మాత్రమే ఇవ్వాలి. భార్యాభర్తలమన్న ఒక్క కారణంతో ఈ అధికారం దానంతట అది రాదు. ఇంటిపేరు ఒకటే అయినా రాదు. పోస్ట్‌మ్యాన్ చూసీచూడనట్టు ఇచ్చేస్తే అది అతని సౌజన్యం, దాన్ని హక్కుగా లెక్కించవద్దు. తరచూ ఊళ్లు తిరిగేవారు ‘నా పేరున వచ్చే రిజిస్టర్డ్ కవర్లను నా భర్త/భార్య ఫలానా వారికి ఇవ్వవచ్చు’ అని సంతకంతో రాసి, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు జతచేసి, బట్వాడా చేసే పోస్టాఫీసులో ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి.

5. ‘ఈ పేరుగలవారు ఇక్కడ లేరు’ అని ఉత్తరాలు తిరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఈ ఫిర్యాదు అపార్ట్‌మెంట్ల నుంచే ఎక్కువ. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఫ్లాట్ యజమాని పేరు ఒక్కటే తెలుసు. భార్య పేరున కవరు రాగానే ‘అలాంటివాళ్లు లేరు’ అంటాడు. పోస్ట్‌మ్యాన్ అదే మాట కవరుపై రాసి పంపేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

ముందుగా తలుపు మీద, కింద తపాలా పెట్టె మీద ఇద్దరి పేర్లూ వేర్వేరు ఇంటిపేర్లతో రాయించండి. అపార్ట్‌మెంట్ సంఘం రిజిస్టరులో ఇద్దరి పేర్లూ ఉండాలి. మీకు ఉత్తరాలు రాసే సంస్థలకు ఇంటి నంబరు, ఫ్లాట్ నంబరు, పిన్ కోడ్ తప్పులేకుండా ఇవ్వండి. ఆరంకెల పిన్ కోడ్‌లో ఒక్క అంకె తేడా వచ్చినా కవరు వేరే పోస్టాఫీసుకు పోతుంది, అప్పుడు పేరు సరిగ్గా ఉండి లాభం లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన ఇల్లయితే కొంతకాలం ‘కేరాఫ్ కోనేరు రఘురామ్’ అని జోడించుకోవచ్చు. కేరాఫ్‌లో ఉన్న వ్యక్తి దారి చూపేవాడే. చిరునామాదారు కాదు.

6. దంపతులిద్దరికీ నోటీసు పంపాలి. ఉమ్మడి కవరు సరిపోతుందా?

సరిపోతుందని అనుకోవద్దు. భార్య, భర్త చట్టం దృష్టిలో ఇద్దరు చిరునామాదారులు. ఒకే ఇంట్లో ఉన్నా రెండు కవర్లు, రెండు రసీదులు ఉండాలి. అయ్యే అదనపు ఖర్చు కొన్ని పదుల రూపాయలు.

ఇద్దరూ కలిసి తీసుకున్న గృహరుణం దీనికి ముఖ్యమైన ఉదాహరణ. తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకిచ్చే సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద బ్యాంకు ఇచ్చే నోటీసులో బకాయి తీర్చడానికి 60 రోజుల గడువు ఉంటుంది. రుణగ్రహీతలు ఒకరికన్నా ఎక్కువ ఉంటే ప్రతి ఒక్కరికీ నోటీసు అందించాలని ఆ చట్టం కింది నిబంధనలు చెబుతున్నాయి. అంటే భర్తకు అందిన కవరు భార్యకు అందినట్టు కాదు. మీరు అభ్యంతరం రాసి పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం వంటి చర్య జరిగిపోతే రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులే ఉంటాయి. సహ రుణగ్రహీతగా సంతకం చేసిన భార్య తన రికార్డు పేరు, ప్రస్తుత చిరునామా బ్యాంకులో ఎలా ఉన్నాయో ఈ రోజే చూసుకోవాలి.

చెక్కు చెల్లని కేసుల్లో దీనికి భిన్నమైన జాగ్రత్త కావాలి. ఉమ్మడి ఖాతా చెక్కుపై ఒకరే సంతకం చేస్తే, సంతకం చేయని రెండో ఖాతాదారుపై నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద ప్రాసిక్యూషన్ కుదరదని 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భార్య పేరు ఖాతాలో ఉంది కదా అని ఆమెను నోటీసులోకి లాగితే మీ కేసుకు బలం రాదు.

మినహాయింపు ఒకటి ఉంది. ఇంటి అద్దె ఖాళీ నోటీసు విషయంలో ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ఉదారంగా ఉంటుంది. నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. దాన్ని తపాలాలో పంపవచ్చు, స్వయంగా ఇవ్వవచ్చు, అద్దెదారు ఇంట్లో కుటుంబ సభ్యుల్లో ఒకరికి లేదా పనివారికి అందజేయవచ్చు. అద్దెదారు భర్త అయితే, ఇంటిపేరు వేరైనా భార్య చేతికి ఇచ్చిన నోటీసు పనికొస్తుంది. అద్దె ఒప్పందంలో ఇంకేదైనా పద్ధతి రాసుకుని ఉంటే దానినీ పాటించండి.

7. భార్యకు పంపే నోటీసుపై ఏ పేరు రాయాలి?

రికార్డు పేరు. మీకు తెలిసిన పేరు కాదు, ఇరుగుపొరుగు పిలిచే పేరు కాదు. రుణపత్రంలో ‘మద్దాల సుజాత’ అని ఉంటే కవరుపైన, లోపలి లేఖలో, రసీదులో అదే ఉండాలి. తర్వాత ‘భర్త: కోనేరు రఘురామ్’ అని రాయవచ్చు. అది గుర్తింపు కోసం చేర్చే వివరం మాత్రమే, పేరులో భాగం కాదు. ‘తండ్రి:’ అని రాసినా దోషం లేదు.

ఆమె పత్రాలు కొన్నిటిలో ఒక ఇంటిపేరు, కొన్నిటిలో మరొకటి ఉంటే ‘మద్దాల సుజాత అలియాస్ కోనేరు సుజాత’ అని రెండూ రాయండి. మీరే ఆ సుజాత అయితే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించుకుని ఉంచుకోవడం ఉపయోగం. కానీ అఫిడవిట్ పేరు మార్పు కాదు, ఉన్న తేడాను వివరించే కాగితం మాత్రమే. పెళ్లితో పేరు మారినవారి విషయంలో బ్యాంకులు పాత పేరున్న గుర్తింపు పత్రాన్నే, రాష్ట్ర ప్రభుత్వం జారీచేసిన వివాహ ధ్రువపత్రం లేదా గెజిట్ ప్రకటన తోడుగా ఉంటే, తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు కేవైసీ ఆదేశాలు చెబుతున్నాయి.

8. నోటీసుపై నా ఇంటిపేరు తప్పుగా ఉంది. తీసుకోకుండా తిప్పి పంపవచ్చా?

పంపవద్దు. ఇంటిపేరు తప్పుందన్న ధైర్యంతో కవరు తిప్పిపంపి, తర్వాత ఏకపక్ష ఉత్తర్వు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవారు ప్రతి కోర్టు ఆవరణలోనూ కనిపిస్తారు.

జనరల్ క్లాజెస్ చట్టం, 1897 సెక్షన్ 27 ప్రకారం, సరైన చిరునామా రాసి, తపాలా రుసుము చెల్లించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన పత్రం మామూలుగా చేరాల్సిన సమయానికి చేరిందనే భావిస్తారు. చేరలేదని నిరూపించే భారం చిరునామాదారుపైనే పడుతుంది. కోర్టు సమన్లను చిరునామాదారు తీసుకోవడానికి నిరాకరించాడని పోస్ట్‌మ్యాన్ రాస్తే, సమన్లు అందినట్టే ప్రకటించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5, రూల్ 9 చెబుతోంది. ఇంటిపేరులో తప్పున్నా, వ్యక్తి ఎవరో సందేహం లేకుండా తెలుస్తుంటే, ఆ ఒక్క సాకు నిలబడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

చేయవలసింది ఇది. కవరు తీసుకోండి. సంతకం మీ రికార్డు పేరుతోనే చేసి, తేదీ వేయండి. గడువులోగా జవాబు రాస్తూ మొదటి పేరాలోనే ‘నా సరైన పేరు ఇది, నోటీసులో తప్పుగా పేర్కొన్నారు, ఆ అభ్యంతరాన్ని వదులుకోకుండానే జవాబిస్తున్నాను’ అని పెట్టండి. నోటీసు నిజంగా మీకు సంబంధించనిదైతే ఆ మాటా అందులోనే రాతపూర్వకంగా చెప్పండి.

9. నేనే నోటీసు పంపాను, పేరు తప్పు రాశానని తర్వాత తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

గడువు మిగిలి ఉంటే సరైన రికార్డు పేరుతో వెంటనే మళ్లీ పంపండి. మొదటిదాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. చెక్కు కేసుల్లో ఇది మరీ కీలకం. చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. అది అందిన తర్వాత చెల్లించడానికి ఎదుటివారికి 15 రోజులుంటాయి. ఆ 15 రోజులూ ముగిశాక నెలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. ఫిర్యాదులో జరిగిన ఆలస్యాన్ని తగిన కారణం చూపితే కోర్టు క్షమించవచ్చు. నోటీసు 30 రోజుల గడువుకు ఆ వెసులుబాటు లేదు.

ఎదుటివైపున్నవారికి కూడా ఒక మాట. నోటీసు నిజంగానే అందలేదనే, చెక్కు రాసిచ్చిన వ్యక్తి సమన్లు అందిన 15 రోజుల్లోగా కోర్టులో సొమ్ము చెల్లించి తన వాదన నిలుపుకోవచ్చని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. అలా చెల్లించనివారు ‘నోటీసు రాలేదు’ అన్న వాదన ఎత్తడం కష్టం.

10. భార్య పేరున వచ్చిన కోర్టు సమన్లను భర్త, లేదా భర్త పేరున వచ్చినవాటిని భార్య తీసుకుంటే చెల్లుతుందా?

షరతులకు లోబడి చెల్లుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5, రూల్ 15 ప్రకారం ప్రతివాది ఇంట్లో లేనప్పుడు, తగిన సమయంలో దొరికే అవకాశం లేనప్పుడు, సమన్లు తీసుకునే అధికారం గల ఏజెంటు కూడా లేనప్పుడు, అతనితో కలిసి నివసించే వయోజన కుటుంబ సభ్యుల్లో ఎవరికైనా, స్త్రీ గానీ పురుషుడు గానీ, సమన్లు ఇవ్వవచ్చు. క్రిమినల్ కేసుల్లో పాత చట్టం వయోజన ‘పురుష’ సభ్యుడికే పరిమితం చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 66 ఆ ‘పురుష’ అన్న మాట తీసేసింది. రెండిటిలోనూ పనివారు కుటుంబ సభ్యుల కిందికి రారు. సెక్షన్ 106 అద్దె నోటీసుకూ దీనికీ ఉన్న ఈ తేడాను గుర్తుంచుకోండి.

ఈ నిబంధనల్లో ఎక్కడా ఇంటిపేరు ప్రస్తావన లేదు. చూడాల్సినవి బంధుత్వం, వయసు, కలిసి నివసించడం. అయితే భార్యాభర్తలే వాది, ప్రతివాది అయిన కేసుల్లో, ఉదాహరణకు విడాకుల పిటిషన్‌లో, ఒకరి సమన్లు మరొకరు తీసుకుని సంతకం చేయడం తగదు. ఎదుటిపక్షం చేతికిచ్చిన సమన్లు అందినట్టు కావని వాదించడానికి అది బలమైన కారణమవుతుంది.

11. నా పేరున ఉన్న భూమి వివాదంలో సమన్లు పుట్టింటికి వెళ్లాయి. అన్నయ్య తీసుకున్నాడు, నాకు చెప్పలేదు. నేను నష్టపోతానా?

పుట్టింటి ఇంటిపేరు ఉంచుకున్న స్త్రీలకు ఇది తరచుగా ఎదురయ్యే ప్రమాదం. పాసుపుస్తకంలో ‘తండ్రి:’ అని, పుట్టిన ఊరు అని ఉంటుంది. పెళ్లై పదేళ్లు వేరే జిల్లాలో ఉన్నా రికార్డులో ఆమె ఇంకా ఆ ఊరి మనిషే. తోబుట్టువులే ప్రత్యర్థులైన భాగపరిష్కార దావాల్లో ఈ ప్రమాదం రెట్టింపు.

రూల్ 15లోని ‘కలిసి నివసించే’ అన్న షరతు ఇక్కడ మీకు రక్ష. అన్నయ్య కుటుంబ సభ్యుడే కావచ్చు, కానీ మీరు అతనితో కలిసి నివసించడం లేదు. అందువల్ల అతనికిచ్చిన సమన్లు మీకు సక్రమంగా అందలేదని చెప్పే హక్కు మీకుంది. ఏకపక్ష డిక్రీ వచ్చేసి ఉంటే ఆర్డర్ 9, రూల్ 13 కింద దాన్ని రద్దు చేయమని దరఖాస్తు పెట్టాలి. గడువు 30 రోజులు. సమన్లు సక్రమంగా అందనప్పుడు ఈ 30 రోజులను డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు. తెలిసిన రోజును రుజువు చేసే కాగితం (నకలు దరఖాస్తు రసీదు, మీసేవ రసీదు వంటివి) జాగ్రత్త చేయండి.

పరిమితి కూడా ఉంది. విచారణ తేదీ మీకు ఎలాగో తెలిసి, హాజరయ్యేంత వ్యవధి కూడా ఉండి ఉంటే, సమన్లు అందించిన తీరులో లోపముందన్న ఒక్క కారణంతో కోర్టు డిక్రీని రద్దు చేయదు. పేరులో అక్షరదోషం చూపించి గట్టెక్కుదామనుకునేవారికి కూడా ఈ నియమమే అడ్డు.

ముందుజాగ్రత్త సులభం. తహశీల్దారు కార్యాలయంలో ప్రస్తుత చిరునామా నమోదుకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఇంటిపేరు మార్చనవసరం లేదు, చిరునామా మారిస్తే చాలు.

12. జీవిత భాగస్వామి పేరున వచ్చిన కవరు నేను తెరవవచ్చా?

ఆ వ్యక్తి అనుమతి ఉంటే తెరవవచ్చు. పెళ్లి వల్ల ఒకరి ఉత్తరం తెరిచే హక్కు మరొకరికి వస్తుందని చెప్పే నిబంధన లేదు. ఉమ్మడి కవరును ఇద్దరిలో ఎవరైనా తెరవవచ్చు. పొరపాటున తెరిస్తే లోపలి కాగితంతో పాటు కవరు కూడా భద్రంగా ఇచ్చేయండి, తేదీ ముద్ర దానిమీదే ఉంటుంది.

13. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు అన్నీ భర్త పేరునే ఉన్నాయి. వేరే ఇంటిపేరున్న భార్య ఆధార్‌లో ఈ చిరునామా ఎలా చేర్చాలి?

కుటుంబ పెద్ద ఆధారంగా చిరునామా మార్చుకునే ఆన్‌లైన్ సౌకర్యం 2023 జనవరి నుంచి ఉంది. ‘కుటుంబ పెద్ద’ అంటే భర్తే కానవసరం లేదు. 18 ఏళ్లు నిండి, ఆ చిరునామా ఆధార్‌లో ఉన్న ఎవరైనా కావచ్చు. బంధుత్వం చూపే పత్రంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఇంటిపేర్లు వేరైన దంపతులకు వివాహ ధ్రువపత్రమే అన్నిటికన్నా సూటిగా పనికొస్తుంది. ఏ పత్రమూ లేకపోతే నిర్ణీత నమూనాలో కుటుంబ పెద్ద స్వీయ ప్రకటన ఇవ్వవచ్చు. అభ్యర్థన పెట్టిన 30 రోజుల్లోగా కుటుంబ పెద్ద పోర్టల్‌లో ఆమోదించాలి. గడువు దాటినా, తిరస్కరించినా అభ్యర్థన మూతపడుతుంది, కట్టిన రుసుము వెనక్కి రాదు.

వివాహం నమోదు చేయించుకోనివారు ముందు ఆ పని చూడండి. తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 2002 నాటి వివాహాల తప్పనిసరి నమోదు చట్టం ప్రకారం అది ఎలాగూ తప్పనిసరి. పాన్ కార్డు కోసం మాత్రం తిప్పలు పడనవసరం లేదు. పాన్ దరఖాస్తులో పెళ్లైన స్త్రీ భర్త పేరు రాయాల్సిన పనిలేదు.

14. పెళ్లి కానుకగా వచ్చిన చెక్కుపై ‘శ్రీ అండ్ శ్రీమతి కోనేరు రఘురామ్’ అని ఉంది. బ్యాంకు తీసుకోవడం లేదు. బ్యాంకుదే తప్పా?

కాదు. అలాంటి రికార్డు పేరుతో ఖాతా ఉండదు. చెక్కును ఇద్దరికి ఉమ్మడిగా గానీ, ఇద్దరిలో ఒకరికి గానీ చెల్లేలా రాయవచ్చని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 13 చెబుతోంది. రెండు పూర్తి పేర్ల మధ్య ‘మరియు’ అని ఉంటే ఇద్దరి పేర్లున్న ఖాతా కావాలి. ‘లేదా’ అని ఉంటే ఎవరైనా తమ ఖాతాలో వేసుకోవచ్చు. కొట్టివేతలు, దిద్దుబాట్లు చేయకుండా కొత్త చెక్కు అడగండి. పాతదాని చెల్లుబాటు చెక్కుపై ఉన్న తేదీ నుంచి 3 నెలలే. చుట్టాలను మళ్లీ చెక్కు అడగడం ఇబ్బందే. కానుక ఇచ్చేవారు ‘లేదా’ అని రాస్తే ఆ ఇబ్బంది పుట్టదు.

15. అమెరికాలో ఉంటున్నాం. ఇల్లు మారుతున్నాం. ఇంటిపేర్లు వేరైతే ఏమైనా తేడా ఉందా?

ఉంది, చాలామంది గమనించని తేడా. అక్కడి తపాలా సంస్థకు ఇచ్చే చిరునామా మార్పు ఫారం 3575లో ‘ఫ్యామిలీ’ అని గుర్తుపెడితే అది ఒకే లాస్ట్ నేమ్ ఉన్నవారికే వర్తిస్తుంది. దంపతుల లాస్ట్ నేమ్‌లు వేరైతే ఎవరి ఫారం వారు విడిగా ఇవ్వాలి. పిల్లలకు తండ్రి ఇంటిపేరు ఉంటే తండ్రి ఇచ్చే ఫ్యామిలీ ఫారంలో వారు కలుస్తారు, తల్లి కలవదు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పెట్టిన పేరు తారుమారు కావడం, ఒక గడి ఖాళీగా ఉండటం మామూలే కాబట్టి, ఫారంపై మీ ఉత్తరాల మీద వస్తున్న పేరే రాయండి.

ఆ ఫారం ఒక్కటే చాలదు. పౌరులు కాని వారిలో, కొన్ని మినహాయింపులకు లోబడి, ప్రతి ఒక్కరూ ఇల్లు మారిన 10 రోజుల్లోగా అక్కడి వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు ఏఆర్-11 ఫారం ద్వారా విడివిడిగా తెలియజేయాలి. భర్త తెలియజేస్తే భార్య తెలియజేసినట్టు కాదు. అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ సంతకం చేసిన స్పాన్సరు 30 రోజుల్లోగా ఐ-865 దాఖలు చేయాలి. పంపినవారు ‘ఫార్వర్డ్ చేయవద్దు’ అని గుర్తు వేసిన ప్రభుత్వ ఉత్తరాలు కొత్త ఇంటికి రావు.

ఇంకొకటి. భర్త లేదా భార్య ఒకరి పేరున వచ్చే తపాలా బట్వాడాను మరొకరు నియంత్రించకూడదని అక్కడి తపాలా నియమావళి చెబుతోంది. చిరునామాదారుకు చేరకముందే ఇతరుల ఉత్తరాన్ని అడ్డుకునే లేదా రహస్యాలు తెలుసుకునే ఉద్దేశంతో తీసుకోవడం ఫెడరల్ నేరం, అయిదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

16. మేం విడిగా ఉంటున్నాం. నా ఉత్తరాలు పాత ఇంటికే వెళుతున్నాయి. నా హక్కులు ఎలా కాపాడుకోవాలి?

పాత ఇంటికి వెళ్లిన నోటీసు మీకు తెలియలేదని తర్వాత వాదించవచ్చు. కానీ కొత్త చిరునామా మీరు ఎవరికీ చెప్పకపోతే ఆ వాదన బలహీనం. రుణ ఒప్పందాల్లో చాలావాటికి, చిరునామా మార్పు తెలపకపోతే పాత చిరునామాకు పంపినదే చాలన్న షరతు ఉంటుంది. ఇల్లు విడిచిన వారంలోనే బ్యాంకు, బీమా సంస్థ, ఉద్యోగ సంస్థ, ఆదాయపు పన్ను పోర్టల్, తహశీల్దారు కార్యాలయం, ఉన్న కేసుల కోర్టు, ఇన్నిటికీ రాతపూర్వకంగా తెలియజేయండి. ఉమ్మడి ఖాతాలో ఒకే ఈమెయిల్, ఒకే ఫోన్ నంబరు ఉంటే మీవి విడిగా నమోదు చేయించండి. బట్వాడా పోస్టాఫీసుకు మళ్లింపు దరఖాస్తు ఇవ్వండి. గతంలో భర్తకు లేదా భార్యకు ఇచ్చిన అధికార పత్రం ఉంటే దాన్ని రద్దు చేస్తున్నట్టు అదే దరఖాస్తులో రాసి, రసీదు ముద్ర వేయించుకోండి. ఆ రద్దు పోస్టాఫీసుకు అందే వరకు పాత అధికార పత్రం మీదే కవర్లు వారి చేతికి వెళుతూనే ఉంటాయి.